పంటా, ప్రాణమూ



కన్నడంలో కాడుహంది, తమిళంలో కాట్టుపన్ని, మరాఠీలో రానడుక్కర్, ఒడియాలో బారహా. మన ఇళ్లలో అడవిపంది. సరిహద్దుకు అటూ ఇటూ పేరు మారవచ్చు గాని, తెల్లవారి చేనికి వెళ్లిన రైతుకు కనబడేది ఒక్కటే. వేరుశనగ సాళ్లు నాగలితో దున్నినట్టు తిరగబడి ఉంటాయి. మొక్కజొన్న దంట్లు నేలకొరిగి ఉంటాయి. తిన్నదానికంటే తొక్కి పాడుచేసిందే ఎక్కువ. ఈ నేలలోనే పుట్టి పెరిగిన ఇలాంటి జంతువుల సంఖ్య మితిమీరినప్పుడు వాటిని చంపించడం ధర్మమేనా అన్నది ఈనాటి మన విషయం.

ఈ ప్రశ్నకు సులువైన జవాబులు రెండు వినబడుతూ ఉంటాయి. కాల్చి పారేస్తే పీడ విరగడవుతుందని ఒకరు. ఏ ప్రాణినీ చంపరాదని మరొకరు. మొదటి మాట కడుపుమంటలోంచి వచ్చింది. రెండో మాట చాలాసార్లు చేను లేనివాళ్ల నోట వస్తుంది. అహింస గొప్ప ధర్మమే, కాదనలేం. కాని దానికయ్యే ఖర్చంతా అడవి అంచున రెండెకరాలు సాగుచేసుకునే రైతు ఒక్కడే భరించాలనడం మాత్రం ధర్మం కాదు. రాత్రంతా మంచె మీద డబ్బా మోగిస్తూ జాగారం చేసేవాడికి జీవకారుణ్యం బోధించే ముందు, ఆ జాగారంలో మన వంతు ఎంత అని అడుగుకోవాలి.

చట్టం ఏమంటున్నదో చూద్దాం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. అయితే 11వ సెక్షన్ కింద, మనుషుల ప్రాణానికో నిలిచి ఉన్న పంటకో ప్రమాదమైన కొన్ని జంతువులను చంపడానికి రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి గాని, ఆయన అధికారమిచ్చిన వారు గాని కారణాలు రాసి అనుమతి ఇవ్వవచ్చు. 62వ సెక్షన్ కింద కేంద్ర ప్రభుత్వం ఒక జంతువును ఫలానా ప్రాంతంలో, ఫలానా కాలానికి హానికర జంతువుగా ప్రకటించవచ్చు. మొదటి షెడ్యూలులో ఉన్న కృష్ణజింక వంటి వాటికి ఈ ప్రకటన వర్తించదు.

బీహార్‌లో కొన్ని జిల్లాలకు 2015 చివర అలాంటి ప్రకటనే వచ్చింది. 2016 జూన్‌లో మొకామా ప్రాంతంలో 200కు పైగా మనుబోతులను కాల్చివేశారు. అందుకు వేటగాళ్లను మన హైదరాబాదు నుంచే పిలిపించారు. కేంద్ర మంత్రుల మధ్యనే బహిరంగంగా వాదోపవాదాలు నడిచాయి. ఆ వాదంలో మన చంద్రపూర్ జిల్లా అడవిపందుల పేరూ వినబడింది. తరువాత 2019లో వైశాలి జిల్లాలో గాయపడి ఇంకా ప్రాణమున్న ఒక మనుబోతును యంత్రంతో గోతిలోకి నెట్టి మన్ను కప్పిన దృశ్యం దేశమంతా చూసింది. ప్రభుత్వ అనుమతి ఉన్నంత మాత్రాన ఆ పని ధర్మమైపోయిందా? కాలేదు. చంపవచ్చునా అన్న ప్రశ్న ఎంత ముఖ్యమో, ఎలా చంపుతున్నామన్నదీ అంతే ముఖ్యం.

అసలు ఇవి ఎందుకు పెరుగుతున్నాయి? అడవిపంది సుమారు నాలుగు నెలలకే ఈనుతుంది. ఒక్క ఈతకు నాలుగైదు పిల్లలు మామూలు. వాటిని తిని అదుపులో ఉంచే పులి, చిరుత, రేచుకుక్క చాలా చోట్ల తగ్గిపోయాయి. అడవిని ఆనుకుని మనం చెరుకు, మొక్కజొన్న వేశాం. బీడు నేలల్లో సర్కారు తుమ్మ దట్టంగా అల్లుకుంది. అంటే తిండీ మనమే పెట్టాం, దాగడానికి చోటూ మనమే ఇచ్చాం. ఈ ఏర్పాటు ఇలాగే ఉంచి పదింటిని కాలిస్తే, మిగిలిన వాటికి తిండి మరింత దొరుకుతుంది. ఖాళీ అయిన చోటికి పక్క గుంపు వస్తుంది. తుపాకి మోత ఆగిన మరుసటి ఏడాదికి లెక్క మళ్లీ మొదటికే రావచ్చు. అడవి లోపల వాటిని తుడిచిపెడితే, ఆకలిగొన్న చిరుత మన దొడ్డిలోని మేకను వెతుక్కుంటూ వస్తుంది.

అలాగని ఏమీ చేయకుండా కూర్చుంటే ప్రాణాలు దక్కుతాయా? అదీ లేదు. ప్రభుత్వం తేల్చనిదాన్ని రైతు కరెంటు తీగతో తేలుస్తాడు. 2023 మార్చిలో ధర్మపురి జిల్లా మారండహళ్లి దగ్గర ఒక పొలం చుట్టూ అక్రమంగా కరెంటు పెట్టిన కంచె తగిలి మూడు ఏనుగులు చనిపోయాయి. రెండు గున్నలు తల్లి లేనివయ్యాయి. ఆ కంచె అడవిపందుల కోసం వేసినది. తీగకు పంది ఏదో, ఏనుగు ఏదో తెలియదు. చీకట్లో నీళ్లు కట్టడానికి వచ్చిన పక్క చేని మనిషి ఎవరో కూడా తెలియదు. బహిరంగంగా, బాధ్యతతో తీసుకోవలసిన నిర్ణయాన్ని వాయిదా వేస్తే, అది రాత్రిపూట లెక్కాపత్రం లేకుండా జరిగిపోతుంది.

ఒడిశాలోని గంజాం జిల్లా శ్రోతలకు మరో సంగతి తెలిసే ఉంటుంది. అక్కడ భేట్నయి, బలిపదర్ ప్రాంతాల్లో కృష్ణజింక చేనిలో అడుగుపెడితే శుభమని రైతుల నమ్మకం. 1973లో 500 పైచిలుకు ఉన్న ఆ జింకలు 2023 లెక్కకు 7,000 దాటాయి. పంటకు నష్టం లేదని కాదు. ఊరంతా కలిసి ఆ నష్టానికి ఒప్పుకున్నారు. కాబట్టి ఎన్ని ఉంటే ఎక్కువ అన్నది జంతువుల లెక్క ఒక్కదానితోనే తేలదు. మనుషుల ఓర్పును బట్టి కూడా తేలుతుంది. ఆ ఓర్పు ఎవరో ఒకరి నెత్తిన రుద్దేది కాకూడదు.

అందుకని చంపే ముందు నాలుగు ప్రశ్నలు వేసుకోవాలని మనవి. కంచె, కందకం, ఊరుమ్మడి కాపలా, సకాలంలో నష్టపరిహారం - ఇవన్నీ నిజంగా ప్రయత్నించామా? చంపితే పంట నష్టం తగ్గుతుందని గట్టి ఆధారం ఉందా? శిక్షణ ఉన్నవారే, ఒక్క దెబ్బతో ప్రాణం పోయేలా, పాలిచ్చే తల్లిని వదిలి కాలుస్తారా? ఎన్ని చంపారో, మరుసటి ఏడు నష్టం ఎంత తగ్గిందో ఊరి ముందు లెక్క చెబుతారా? తమిళనాడు ప్రభుత్వం 2025 జనవరిలో ప్రకటించిన పద్ధతిలో ఇలాంటి జాగ్రత్త కొంత కనబడుతుంది. అడవికి కిలోమీటరు లోపు కాల్చరాదు. ఒకటి నుంచి మూడు కిలోమీటర్ల దాకా పట్టి అడవిలో వదలాలి. ఆపైన మాత్రమే, అదీ అటవీ సిబ్బందే కాల్చాలి. వేటాడిన జంతువు ప్రభుత్వ ఆస్తి అన్న నియమమూ మంచిదే. మాంసం మీద ఆశ పుట్టిన చోట పంట రక్షణ వెనకబడిపోతుంది.

నష్టాన్ని పంచుకునే దారి కూడా కొంత తెరుచుకుంది. వన్యప్రాణుల వల్ల కలిగే పంట నష్టాన్ని 2026 ఖరీఫ్ నుంచి ఫసల్ బీమాలో చేరుస్తామని కేంద్ర వ్యవసాయ శాఖ 2025 నవంబరులో ప్రకటించింది. నష్టం జరిగిన 72 గంటల్లోగా ఫొటోలతో సహా తెలియజేయాలి. ఈ రక్షణ మీ రాష్ట్రంలో, మీ పంటకు ఉందో లేదో బీమా కట్టేటప్పుడే అడిగి తెలుసుకోండి.

చివరగా ఒక్క మాట. రైతు నష్టంలో పాలు పంచుకోనివారికి చంపవద్దని చెప్పే హక్కు లేదు. చంపిన ప్రతి ప్రాణానికీ జవాబు చెప్పలేనివారికి తుపాకి పట్టే హక్కూ లేదు. ఈ రెండు బాధ్యతలూ ఒప్పుకున్న ఊళ్లో తుపాకి అవసరం అరుదుగానే వస్తుంది. వచ్చిన నాడు కూడా అది కక్షగా కాక, తప్పనిసరి పనిగా మాత్రమే జరుగుతుంది.