మధురపూడినుండి మరలుట



గత మాఘమాసమున నేను కోనసీమలోని మా అక్కగారిని చూడబోయి, రెండు రాత్రులుండి, రాజమహేంద్రవరము సమీపమున నున్న మధురపూడినుండి విమానముపై హైదరాబాదునకు మరలితిని. ఆ ప్రయాణమును గూర్చి కొన్ని మాటలు మనవి చేసెదను.

మా అక్కగారికి ఎనుబది రెండేండ్లు. చూపు మందగించినది. తెల్లవారుజామున నేను బయలుదేరుచుండగా ఆమె నా చేయి పట్టుకొని, “ఏరా, మొన్నగదా వచ్చితివి? శివరాత్రి వెళ్లిన పిదప పోరాదా?” అనెను. “టిక్కెట్టు ముందే కొంటినక్కా” అంటిని. ఆమె మాఱుపలుకక, ఒక ఊరగాయ జాడీని, పది కొబ్బరి కురిడీలను సంచిలో పెట్టించి కారులో ఉంచెను.

మధురపూడి విమానాశ్రయము శంషాబాదువలె పెద్దది కాదు. నగరమునకు 18 కిలోమీటర్ల దూరమున పొలముల నడుమ నున్నది. మీలో ఎవరైన విమాన మెక్కవలసి వచ్చిన, రెండు గంటలు ముందుగా చేరుట మంచిది. బయలుదేరుటకు 60 నిమిషములకు ముందే సామానుల నందుకొనుట మానివేయుదురు. ఛాయాచిత్రముగల గుర్తింపుకార్డు లేనిదే వాకిటనే నిలిపివేయుదురు. నడువలేనివారు టిక్కెట్టు కొనునపుడే తెలిపినచో చక్రముల కుర్చీ నేర్పాటు చేయుదురు. ఊరగాయ చేతిసంచిలో పనికిరాదు. గట్టిగా కట్టి, విమానము క్రింది యరలో వేయు సామానులతో పంపవలెను.

నా జాడీ అట్లే పోయినది గాని, కురిడీలవద్ద చిక్కు వచ్చెను. ఎండుకొబ్బరిలో నూనె యధికము. గాలి తగులక మూసియుంచినచో అది తనంతట తానే వేడెక్కి అంటుకొనవచ్చునట. అందుచే దానిని సామానులతో పోనీయరు. నియమము న్యాయమైనదే. అచట నేల యూడ్చుచున్న ఒకామెకు ఆ పదింటిని ఇచ్చివేసితిని. ఆమె సంతోషించెను. చూపులేని అక్కగారు తడవి తడవి ఏరిన కాయలు గదా యని నా మనస్సు మాత్రము చివుక్కుమనెను.

నే నెక్కినది రెండు పంకాలుగల చిన్న విమానము. ఒక్కొక్క పంకాకు ఆరు రెక్కలు. డెబ్బదికి పైగా ఆసనములు. దాని రెక్కలు కిటికీలకు పైన నుండుటచే నేల చక్కగా కనబడును. ఇట్టివి గంటకు సుమారు 500 కిలోమీటర్ల వేగముతో పోగలవు. నేల విడిచిన కొలది నిమిషములకే ఎడమవైపున గోదావరి కానవచ్చెను. 1852లో కాటన్ దొర ఆనకట్ట ముగించిన ధవళేశ్వరమువద్ద నది గౌతమిగను వసిష్ఠగను చీలుట చూచితిని. ఆవల కోనసీమ యంతయు ఒక్క పచ్చని చాపవలె నుండెను. అందులో అక్కగారి యూ రెచ్చటనో పోల్చుకొన యత్నించితిని, కాని సాధ్యపడలేదు. ఇంతలో మబ్బు అడ్డువచ్చెను.

నా చిన్నతనమున మేము కాకినాడలో నుంటిమి. అక్కగారి యింటికి పోవలెనన్న యానాము వఱకు బస్సు, అచట గౌతమిపై పడవ, ఎదుర్లంకనుండి మరల బస్సో బండియో. 2002లో అక్కడ వంతెన ఏర్పడువఱకు రేవు దాటుట తప్పలేదు. గాలివాన వచ్చెనా, పడవ కదలదు. అంత శ్రమపడి వెళ్లినవారిని రెండు నాళ్లకే ఎవరు పోనిత్తురు? ఇల్లు వెడలునపుడు ఏ దినమున మరలుదుమో మాకే తెలియదు. వారము వర్జ్యము చూచి, వాన వెలిసి, బావగారు సరే యన్న పిదపనే కదలెడివారము. ఒక్కొక్కప్పుడు పదిదినములు గడచెడివి.

గంటకు కొంచె మెక్కువ కాలములోనే శంషాబాదులో దిగితిని. అచటనుండి నగరపు రద్దీలో ఇల్లు చేరుటకు దాదాపు రెండు గంటలు పట్టెను. రైలులో నైనచో రాత్రియంతయు గడచియుండును. అట్లు మిగిలిన కాలమును ఏమి చేసితినని ఆలోచించితిని. అక్కగారికి మాత్రము ఇయ్యలేదు.

ఇందులో విమానము తప్పేమియు లేదు. ఆమెకు రాత్రివేళ ప్రాణముమీదికి వచ్చినచో, మఱునాటికే నన్ను మంచము ప్రక్కకు చేర్పగలది అదియే. తప్పు నాది. ముందుగా కొనిన ధర తక్కువయని, పోకమునుపే మరలుటకు టిక్కెట్టు కొంటిని. అక్కగారి ముఖము చూడకయే ఎన్ని దినములుండవలెనో నిర్ణయించుకొంటిని. మీ బిడ్డలును దూరదేశములనుండి ఇట్లే వచ్చి పోవుచుందురు. వారు టిక్కెట్టు కొనకముందే, ఎన్ని దినములుండిన మీకు తృప్తియో సంకోచింపక చెప్పుడు. తరువాత చెప్పిన ప్రయోజనముండదు.

ఆ రాత్రి టెలిఫోనులో అక్కగారు, “కురిడీలు పిల్లల కిచ్చితివా?” అని అడిగెను. దాచుటకు నోరాడక జరిగినది చెప్పితిని. ఆమె క్షణకాల మూరకుండి, “పోనీలేరా, ఈమాఱు ఇక్కడనే తిని పోదువుగాని. తీరికగా రా” అనెను.

వైశాఖమున వెళ్లుచున్నాను. పోవుటకు మాత్రమే టిక్కెట్టు కొంటిని.