ముగ్గురు సత్యభామలు



మొన్న ఆదివారం మా చెల్లెలి కూతురికి తోడుగా ఖైరతాబాద్ నుంచి అమీర్‌పేటలో నాట్యం క్లాసుకు వెళ్లాను. దింపేసి వచ్చేద్దామనుకున్నదాన్ని, రెండు గంటలు అక్కడే చాప మీద కూర్చుండిపోయాను. ఇంట్లో నానబోసిన మినప్పప్పు సంగతే మరిచిపోయానంటే నమ్మండి!

అక్కడ భామాకలాపం సాధన చేస్తున్నారు. సిద్ధేంద్రయోగి రచన అని చెప్పుకునే ఈ కలాపంలో సత్యభామే నాయిక. ఆట, పాట, మాట మూడూ కుదరాలి. ఒకప్పుడు ఈ వేషం మగవాళ్లదే. కూచిపూడిలో పుట్టిన మగపిల్లవాడు జన్మకొక్కసారైనా భామ వేషం కట్టాలని ఆచారం. వేదాంతం సత్యనారాయణ శర్మగారి భామను చూస్తే, నడకంటే ఏమిటో ఆడవాళ్లమే ఆయన దగ్గర నేర్చుకోవాలనిపించేది. ఆయన 2012లో కన్నుమూశారు. ఇప్పుడు ఏ క్లాసులో చూసినా ఆడపిల్లలే.

మాస్టారు ఆవేళ ముగ్గురు పిల్లల చేత ఒకే ఘట్టం చేయించారు. కృష్ణుడు అలిగి వెళ్లిపోయాడు. మాధవి చేత కబురు పంపాలి. "మీ వారి పేరేమిటమ్మా?" అంటుంది మాధవి. చెబుదామంటే సిగ్గు, చెప్పకపోతే కబురు వెళ్లదు. అదీ చిక్కు!

మొదటి పిల్ల ఇంటర్ చదువుతోంది. పమిట కొంగు నోట్లో పెట్టుకుని, మెలికలు తిరిగి, కిలకిలా నవ్వింది. ముద్దుగానే ఉంది. కానీ అది ఎక్కడో చూసి పట్టుకొచ్చిన సిగ్గు, తనది కాదు.

రెండో అమ్మాయికి పంజాగుట్టలో ఉద్యోగం, పెళ్లై రెండేళ్లయింది. "ఆంటీ, నేను మా ఆయన్ని పేరు పెట్టే పిలుస్తాను. ఇక సిగ్గెలా పడను?" అంది ముందే. చూద్దును కదా, ఆమె సిగ్గే పడలేదు! ఆ పేరు తన పెట్టెలోని నగ అన్నట్టు, మాధవికి చూపించనా వద్దా అని ఊరించింది. మాధవి వేసిన పిల్లకు నిజంగానే ఒళ్లు మండింది. ఇలా కూడా చెయ్యవచ్చునని నాకు తోచనే లేదు.

మూడోది మా పిల్ల. వచ్చే మాఘంలో పెళ్లి. పెళ్లయ్యాక స్టేజీ ఎక్కకూడదని అవతలివాళ్లు ముందే చెప్పారు. మావాళ్లు సరేనన్నారు. నేనూ ఆ రోజు అక్కడే ఉన్నాను, నోరు మెదపలేదు.

మాధవి అడగ్గానే మా పిల్ల నవ్వలేదు, మెలికలు తిరగలేదు. జడ ముందుకు వేసుకుని దాన్నే చూస్తూ నిలబడింది. తాళం వేస్తున్న మాస్టారి చెయ్యి కూడా ఆగింది. తరువాత తలెత్తి పేరు చెప్పింది, మెల్లగా, ఒక్కసారే. ఆ పేరు చెప్పడంతో తనది ఏదో పోతుందని తెలిసి కూడా చెప్పినట్టుంది. భామకు ఇంత దుఃఖం పనికిరాదు, గర్వం తగ్గిందని మాస్టారు దిద్దారు. నిజమే కావచ్చు. నాకు మాత్రం గర్వమే కనిపించింది.

వేషం మా పిల్లకే వచ్చింది. ప్రదర్శన పెళ్లికి ముందే. గజ్జెలు విప్పుకుంటూ, "పెద్దమ్మా, నీకు ముందు వరసలో పాసు తెస్తాను" అంది.

"రెండు తీసుకురా" అన్నాను. రెండోది ఆమె కాబోయే అత్తగారికి. నేనే తీసుకెళ్లి ఇస్తాను.