వకాల్తాతో వచ్చినవాళ్ళు

 ఏ రాజు కథ చెప్పినా ముందు ఆయన ఖజానా సంగతి కనుక్కోమనేవారు మా చరిత్ర మేష్టారు. ఆయన స్మృతిలో జరుగుతున్న ఈ ఉపన్యాసానికి ఆ మాటే దారి చూపింది.

1215 జూన్‌లో రన్నీమీడ్ పచ్చికబయలులో ఇంగ్లండు రాజు జాన్ మాగ్నా కార్టా అనే హక్కుల చార్టరుకు తలొగ్గాడు. రాజ్యంలో పెద్దల ఉమ్మడి సలహా లేనిదే కొన్ని రకాల పన్నులు వేయరాదని అందులో ఒక నిబంధన. ఆ సలహాకు పిలుపు బిషప్పులకు, ప్రభువులకు, రాజు నుంచి నేరుగా భూములు పొందినవారికి మాత్రమే. మరుసటి ఏడు జాన్ పోయాక చార్టరును తిరిగి జారీచేస్తూ ఆ నిబంధననే తీసేశారు. అయినా బేరం ఆగలేదు. 1225లో మూడో హెన్రీ రాజు చార్టరును మళ్ళీ ఖాయపరిచింది చరాస్తుల్లో పదిహేనో వంతు పన్ను పుచ్చుకునే.

1254లో హెన్రీ ఫ్రాన్సు నేల మీది గాస్కనీలో ఉండి డబ్బుకు కటకటలాడుతున్నాడు. ఇంగ్లండులో పాలన చూస్తున్న రాణి ఎలియనార్, రాజు తమ్ముడు రిచర్డ్ కౌంటీకి ఇద్దరేసి నైట్లను పిలిపించారు. 1265లో, అప్పటికే రాజును బందీగా పట్టుకున్న సైమన్ డి మాంట్‌ఫర్ట్ పట్టణాల ప్రతినిధులను కూడా రప్పించాడు. ప్రభువుల్లో అతని వైపు నిలిచినవారు తక్కువ. బలం మరోచోట వెతుక్కోక తప్పలేదు. ఆ ఆగస్టులోనే ఈవ్‌షామ్ దగ్గర అతన్ని చంపి ముక్కలు చేశారు. చంపించిన యువరాజు ఎడ్వర్డే రాజయ్యాక, 1295లో, నైట్లనూ పట్టణవాసులనూ పార్లమెంటుకు పిలిచాడు.

ఆ పిలుపు పంపిన ఆజ్ఞాపత్రాల్లో ఉన్న ఒక షరతు దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోతాను. వచ్చేవాళ్ళు తమ కౌంటీ తరఫున, పట్టణం తరఫున పూర్తి అధికారంతో రావాలి. రోమన్ న్యాయశాస్త్రం నుంచి వచ్చిన ఈ ఏర్పాటును మన కోర్టు భాషలో వకాల్తా అనవచ్చు. పన్నుకు ఒప్పుకుని ఇంటికి వెళ్ళాక, మేం ఒప్పుకోలేదని ఊరు అడ్డం తిరగకూడదు. రాజు కోరింది అంతవరకే. కానీ ఊరిని కట్టిపడేసే అధికారం ఉన్నవాడికి ఊరి కష్టం చెప్పే నోరు కూడా ఉంటుంది. పన్ను అడిగిన చోటే అర్జీలు పెట్టారు. ప్రాతినిధ్యం ఒక ఆదర్శంగా పుట్టి ఉంటే ఇంతగా వేళ్ళూనేది కాదని నా నమ్మకం.

1376 పార్లమెంటు చూడండి. కామన్స్ సభ్యులు, అంటే ఆ నైట్లు, పట్టణ ప్రతినిధులు, వెస్ట్‌మినిస్టర్ మఠంలో కూడి, తమ తరఫున మాట్లాడేందుకు హెర్‌ఫర్డ్‌షైర్ నైట్ పీటర్ డి లా మేర్‌ను ఎన్నుకున్నారు. ప్రభువుల ముందుకు వెళ్తే కొందరినే లోపలికి రానిచ్చి, మిగతావాళ్ళను బయటే ఆపేశారు. ఇద్దరు ముగ్గురు చాలు, అదే ఆనవాయితీ అన్నాడు రాజకుమారుడు జాన్ ఆఫ్ గాంట్. తమలో ఒకరు చెప్పేది అందరి మాట గనుక, అందరూ వచ్చేదాకా నోరు విప్పనన్నాడు పీటర్. బయట ఉన్నవాళ్ళను వెతికి తీసుకొచ్చేదాకా సభ ఆగింది. వాళ్ళంతా వచ్చి నిలబడ్డాక పీటర్, రాజు డబ్బు ఎవరి చేతుల్లోకి పోయిందో చెప్పమని అడిగాడు.