తీరిక వేళల్లో తోలు పని



కుట్లు, అల్లికల గురించి ఈ కార్యక్రమంలో చాలామంది చక్కగా చెప్పారు. నేనివాళ చెప్పబోయేదీ కుట్టుపనే. కాకపోతే గుడ్డ మీద కాదు, తోలు మీద. ఈ మాట వినగానే కొందరు ముక్కు చిట్లించే ఉంటారు. మా అత్తగారూ అదే చేశారు. ఆ ముచ్చట తర్వాత చెబుతాను.

మాది రాజయ్యపేట. అనకాపల్లి జిల్లా నక్కపల్లి మండలంలో సముద్రపు ఒడ్డున ఉన్న మత్స్యకారుల ఊరు. తోలు పనికి పేరుపడ్డ ఊరేమీ కాదు. ఇక్కడి చేతులకు బాగా తెలిసిన సూది వలలు బాగుచేసే సూదే. మరి నాకీ పని ఎలా అబ్బిందంటే, ఒకరోజు నక్కపల్లిలో బస్సు కోసం నిలబడితే చెప్పు పట్టీ తెగింది. రోడ్డు పక్క చెట్టు కింద కూర్చున్న ఒక ముసలాయన దగ్గరకు వెళ్ళాను. ఆయన ఒకే దారానికి రెండు కొసలా రెండు సూదులు ఎక్కించి, ఒకే చిల్లులోంచి ఒకటి ఇటు, ఒకటి అటు దూర్చి లాగుతున్నాడు. నాకు ఇరవయ్యేళ్ళుగా కుట్టుమిషను అలవాటు. అయినా అటువంటి కుట్టు చూడలేదు. మిషను కుట్టులో పై దారం, కింది దారం ఒకదాన్నొకటి పట్టుకొని ఉంటాయి. ఒకచోట తెగితే వరసగా ఊడి వస్తుంది. ఈ కుట్టులో ఒక పక్క దారం అరిగి తెగినా రెండో పక్క దారం పట్టి ఉంచుతుంది. ఆ పట్టీ నాలుగేళ్ళయినా ఊడలేదు, చెప్పే అరిగిపోయింది.

"నాకు నేర్పుతావా తాతా?" అంటే నవ్వాడు. "మీకెందుకు తల్లీ ఈ పని? మా గుంటలే వద్దంతన్నారు" అన్నాడు. వారానికి రెండు రోజులు వెళ్ళి పక్కన ముక్కాలిపీట వేసుకొని కూర్చున్నాను. డబ్బు పుచ్చుకోనన్నాడు. చిన్నప్పుడు మా వయొలిన్ మేష్టారికి నెల నెలా జీతం ఇచ్చి నేర్చుకున్నాం, నీకెందుకివ్వకూడదు అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత పుచ్చుకున్నాడు.

ఇక ఇంట్లో మా అత్తగారు. "తోలు గడప దాటడానికి వీల్లేదు" అన్నారు. శ్రీరామనవమి భజనలో వాళ్ళ తమ్ముడు మృదంగం వాయిస్తారు, ఆ మృదంగం ఉండేది మా పూజగదిలోనే. దాని మూత దేనితో చేస్తారత్తయ్యా అన్నాను. ఆవిడ జవాబు చెప్పలేదు గాని, మర్నాడు వెనక వరండాలో నాకొక చాప వేయించారు. అంతవరకే అనుమతి!

సరే, పనిలోకి వద్దాం. మొదట తోలు సంగతి. బజారులో దొరికేది ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి చెట్టు బెరడుతో ఊనినది, రెండోది క్రోమియం లవణాలతో ఊనినది. మన దక్షిణాదిని పూర్వం తంగేడు చెక్కతో ఊనేవారు. తెలంగాణలో బతుకమ్మలో పేర్చే పసుపుపచ్చని పువ్వు చూడండి, ఆ తంగేడే. సున్నపు నీళ్ళలో నానబెట్టి వెంట్రుక తీసి, తంగేడు చెక్క రసంలో వారాల తరబడి ఉంచి, చివర కరక్కాయతో రంగు తేల్చేవారు. ఇంట్లో చేతిపనికి ఈ బెరడు తోలే మేలు. తడిపితే మనం చెప్పినట్టు వంగుతుంది, ఆరితే ఆ రూపంలోనే నిలుస్తుంది, అంచు రుద్దితే మెరుస్తుంది. క్రోమ్ తోలు మెత్తన, నీటికి ఓర్చుకుంటుంది, సంచులకు బాగుంటుంది. కాని దాని అంచు ఎంత రుద్దినా నునుపు తేలదు. రెంటినీ పోల్చుకోవడం సులువే. కోసిన అంచు చూడండి. మధ్యలో నీలి బూడిదరంగు చార కనిపిస్తే చాలావరకు క్రోమ్. ఒక నీటిబొట్టు వేసి చూడండి. వెంటనే పీల్చుకొని నల్లబడితే బెరడు తోలు. దుకాణాల్లో చదరపు అడుగుల లెక్కన అమ్ముతారు. మద్రాసులో పెరియమెట్ ఈ వ్యాపారానికి పెట్టింది పేరు. కొత్తగా మొదలుపెట్టేవారు అంత దూరం వెళ్ళనక్కరలేదు. చెప్పులు కుట్టేవారి దగ్గర మిగిలే ముక్కలు కొనుక్కుంటే కళ్ళజోడు ఒరకో, తాళంచెవుల గుత్తికో సరిపోతాయి. పర్సుకు ఒక మిల్లీమీటరు, మహా అయితే ఒకటిన్నర దళసరి చాలు. నడుం పట్టీకి మూడు కావాలి.

పనిముట్లు ఎక్కువేమీ అక్కరలేదు. చిల్లు పొడవడానికి ఆరె, కోయడానికి రంపె, ఒక కొయ్య సుత్తి, మొన మొద్దుగా ఉన్న సూదులు రెండు, మైనం ముద్ద. రంపెకు ఎప్పుడూ పదును ఉండాలి. మొద్దుకత్తిని బలంగా నొక్కుతాం, జారి చెయ్యి కోసేది అదే. ముందు సానరాయి మీద నూరి, పాత తోలు ముక్కకు లోపలి వైపున నాలుగైదుసార్లు వెనక్కి లాగండి. కత్తెరతో దళసరి తోలు కోయకండి, అంచు నలిగిపోతుంది. నమూనా ముందు క్యాలెండరు అట్ట మీద కోసి, మడిచి చూసుకోవాలి. తోలు మీద గీత పెన్నుతో గీస్తే పోదు సుమండీ. అల్లిక సూది కొసతో నొక్కి గీస్తే చాలు.

చిల్లులు సమంగా రావడమే ఈ పనికి అందం. అంచు నుంచి మూడు మిల్లీమీటర్లు వదిలి గీత గీయండి. మీ కుట్టుపెట్టెలో పళ్ళచక్రం ఉంటుంది కదా, దాన్ని గీత వెంట గట్టిగా నడిపించి, ప్రతి మూడో చుక్క దగ్గర ఆరెతో పొడవండి. వెనక ఒక సీసా బిరడా పెట్టుకుంటే ఆరె మొన అందులో దిగుతుంది, వేలిలో దిగదు. కుట్టు పొడవుకు నాలుగింతల దారం తీసుకొని మైనం పట్టించండి. ప్రతి కుట్టుకూ ఒకే సూది ముందు దూరాలి. ఆ వరస తప్పితే కుట్టు వంకర పోతుంది. చివర రెండు కుట్లు వెనక్కి వేసి దారం కత్తిరించాలి. తర్వాత సుత్తితో మెల్లగా తట్టితే కుట్టు తోలులో కూర్చుంటుంది. అతికించడానికి రబ్బరు సొల్యూషన్ వాడేటప్పుడు కిటికీలు తీసి ఉంచండి. వంటింట్లో పొయ్యి దగ్గర మాత్రం వద్దు, చప్పున అంటుకుంటుంది.

ఇక తుది మెరుగు. పనివాడి చెయ్యి తెలిసేది అంచు దగ్గరే. ముందు సన్న గరుకు కాగితంతో రుద్ది రెండు పొరలూ ఒక్కటయ్యేట్టు చేయాలి. తర్వాత వేలితో కొంచెం నీరు, పలచని తుమ్మజిగురు రాసి, గాడి ఉన్న కర్రతో వేడెక్కేదాకా రుద్దాలి. నేను వాడే కర్ర మాకు దగ్గరే ఉన్న ఏటికొప్పాక బొమ్మల పనివారి చేత అంకుడు చెక్కతో చేయించుకున్నది, లక్క పూయకుండా. మెత్తని చెక్క గనక గాడి త్వరగా అరుగుతుంది, అయినా చేతికి హాయిగా ఉంటుంది. చివర కాస్త మైనం.

నల్లరంగుకు ఒక చిట్కా ఉంది. తుప్పుపట్టిన మేకులు, బెల్లం, నీళ్ళు కుండలో వేసి రెండు మూడు వారాలు పులియబెట్టి వడకట్టండి. కలంకారీలో కరక్కాయ పట్టిన బట్ట మీద నల్లగీత తేల్చేది ఇటువంటి నీళ్ళతోనే. బెరడు తోలులోనూ అదే వగరు ఉంది గనక, కుంచెతో పూస్తే చూస్తుండగానే నల్లబడుతుంది. ఆ పులుపు తోలులో ఉండిపోకుండా వంటసోడా కలిపిన నీళ్ళతో ఒకసారి తుడిచి, నీడన ఆరబెట్టి, నూనె పట్టించాలి. పూర్వం కిర్రుచెప్పులకు ఆముదం పెట్టేవారు. పర్సుకు రెండు మూడు చుక్కలు గుడ్డతో రుద్దితే చాలు. ఎక్కువైతే జిడ్డు చీరకు అంటుతుంది.

ఈ ఇనుము గుణమే మాలాంటి సముద్రతీరం వాళ్ళను ఏడిపిస్తుంది. ఇనుప రివెట్టు కొడితే ఉప్పుగాలికి తుప్పుపట్టి చుట్టూ నల్లమచ్చ వేస్తుంది. ఇత్తడివో, రాగివో వాడండి. వానాకాలంలో బూజు పడితే ఇంటి బయట పొడిగుడ్డతో తుడిచి గాలికి ఉంచండి. దాచడానికి గుడ్డసంచే గాని ప్లాస్టిక్ కవరు వద్దు. ఎండకు మాత్రం పెట్టకండి. నా మొదటి పర్సు తడిసిందని డాబా మీద ఎండలో పెట్టి, సాయంత్రం తీసుకొస్తే, అప్పడంలా మడతకు విరిగింది.

ఆడవాళ్ళకీ పనేమిటంటారా? ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసే ఇళ్ళలో ఆడవాళ్ళూ చిల్లులు కొడతారు, రంగులు వేస్తారు. అక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆ మాట మా ముసలాయనకు చెప్పాను. "బొమ్మకిత్తారమ్మా, సెప్పుకిత్తారా?" అన్నాడు.

ఆ మాట నన్ను వదలలేదు. వాళ్ళ తండ్రి కాలంలో పంట నూర్పిళ్ళప్పుడు మేర కొలిచేవారట. ఆ ధాన్యమూ పోయింది, తర్వాత అచ్చుపోసిన రబ్బరు చెప్పులొచ్చి కుట్టుపనీ పోయింది. మిగిలింది ఆ పని పేరుతో పిలిచే పిలుపు ఒక్కటే. పెళ్ళిలో మనం కొత్త దంపతులకు అరుంధతీ నక్షత్రం చూపిస్తాం. ఆ అరుంధతి తమ ఇంటి ఆడపడుచని చెప్పుకునే వాళ్ళ పిల్లలు, బడిలో తాత పనేమిటంటే చెప్పడానికి తల దించుకుంటున్నారు. మనవడు సరదాకి ఆరె పట్టుకున్నా ఆయన లాగేసుకుంటాడు. నేను పట్టుకుంటే మాత్రం అందరూ "ఎంత చక్కని హాబీ!" అంటారు. నేను కుట్టిన పర్సును మా బంధువుల ఇంట్లో మెచ్చుకొని చేతులు మారుస్తూ చూశారు. ఎవరి దగ్గర నేర్చుకున్నావంటే చెప్పాను. పర్సు పట్టుకున్న ఒకావిడ దాన్ని బల్ల మీద పెట్టేసింది. అప్పటినుంచి ఎవరికైనా చూపించేటప్పుడు ముందుగానే ఆ మాట చెబుతున్నాను.

కిందటి సంక్రాంతికి ఆయనకొక కళ్ళజోడు ఒర కుట్టి తీసుకెళ్ళాను. తోలు తడిపి, ఆయన అద్దాల కొలతకు చెక్కముక్క చెక్కించి, దాని మీద బిగించి, నీడన ఒక రోజంతా ఆరనిచ్చి చేసినది. తిప్పి తిప్పి చూశాడు. అంచు మీద బొటనవేలు నడిపాడు. ఒక మూల దగ్గర ఆగి, "ఇక్కడ సూది వరస తప్పింది తల్లీ" అన్నాడు. నిజమే, తప్పింది. రంపెతో ఆ దారం తెంపి నా చేతికిచ్చి, పక్కనున్న పీట జరిపాడు. అక్కడే కూర్చొని మళ్ళీ కుట్టి ఇచ్చాను.