తెర పెద్దదా? బుర్ర చురుకైనదా? – సెల్‌ఫోను కొనేవారికి నాలుగు మాటలు

(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



సంక్షేమ సంఘం సభలో సెల్‌ఫోను గురించి మాట్లాడటమేమిటని కొందరు నవ్వుకోవచ్చును. కాని ఆలోచించండి. పెండ్లి, వైద్యం, పిల్లల ఫీజులు – వీటి తరువాత మన ఇండ్లలో ఒక్క దెబ్బతో పది పదిహేను వేలు కరిగిపోయేది ఇప్పుడు ఫోను మీదనే. బియ్యం కొంటే గింజ కొరికి చూస్తాం. మేకను కొంటే పళ్ళు చూస్తాం. ఫోను దగ్గరకు వచ్చేసరికి మాత్రం కొట్టువాడు చేతిలో పెట్టిందే జేబులో వేసుకొని వస్తున్నాం. అందుకే ఈ విషయం ఎత్తుకొన్నాము.

ముందుగా మా తప్పులు రెండు ఒప్పుకోవాలి. నిరుడు ఒక పెద్దామె మమ్మల్ని సలహా అడిగారు. చిన్న గాజుల కొట్టు నడుపుకొంటున్నారు. "ఖాలా, ఇది చిన్నదైనా చురుకైనది, చాలా కాలం వస్తుంది" అని చిన్న తెర ఫోను ఒకటి ఇప్పించాము. పదిహేను రోజులు తిరక్కుండానే సరుకు ఇచ్చే వ్యాపారికి 500 పంపబోయి 5,000 పంపారు. "బేటా, ఫోను మంచిదే. కాని అందులో సున్నాలు నాకు కనపడటం లేదు" అన్నారు. తెలిసిన వ్యాపారి కనుక డబ్బు తిరిగి వచ్చింది. తెలియనివాడైతే?

రెండోది ఇంకా బాధాకరం. ఇంటర్ పాసైన ఒక కుర్రవాడికి, చదువుకోవడానికి వీలుగా ఉంటుందని, తక్కువ ధరలో పెద్ద తెర ఉన్న ఫోను కొనమన్నాము. చివరి రోజు సాయంత్రం దరఖాస్తుకు ఫోటో, సర్టిఫికెట్లు ఎక్కిస్తూంటే ఫోను బిగుసుకుపోయింది. ఆపి, మళ్ళీ తెరిచేసరికి గడువు దాటింది. ఆ దరఖాస్తు అందలేదు. చివరి రోజు దాకా ఆగడం వాడి తప్పు కావచ్చు. కాని ఆ ఫోను కొనమన్నది మేమే గదా!

ఒకరికి తెర చాలలేదు, ఒకరికి బుర్ర చాలలేదు. కాబట్టి ఏ ఫోను మంచిదని అడగటం కాదు, ఎవరి కళ్ళకు, ఏ పనికి అని ముందు అడగాలి.

మొదట తెర సంగతి చూద్దాం. 2007లో మొదటి ఐఫోను తెర మూడున్నర అంగుళాలు. 2011లో 5.3 అంగుళాల గెలాక్సీ నోట్ వస్తే ఇంత పలక ఎవరు మోస్తారని జనం నవ్వారు. ఇప్పుడు అంతకంటె చిన్నది కావాలంటే వెతుక్కోవాలి. అయితే ఈ అంగుళాల లెక్కలో ఒక కిటుకు ఉన్నది. కొలిచేది పొడవూ కాదు, వెడల్పూ కాదు. ఒక మూల నుండి ఎదుటి మూలకు. వెనుకటి ఫోన్ల తెర 16కి 9 పాళ్ళలో ఉండేది. ఇప్పటివి చాలావరకు 20కి 9 పాళ్ళలో సన్నగా, పొడుగ్గా వస్తున్నాయి. పాత 5.5 అంగుళాల తెర వెడల్పూ, కొత్త 6.5 అంగుళాల తెర వెడల్పూ లెక్క కట్టి చూడండి. రెండూ ఇంచుమించు 6.8 సెంటీమీటర్లే! పెరిగినది పొడవు మాత్రమే. అంగుళం పెరిగింది గదా, అక్షరం కూడా పెరుగుతుందని అనుకొంటే పొరపాటే.

ఇంకొక మాట. మన ఏలూరు తివాచీని ఎరిగినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. తివాచీకి కొలత ఒక్కటే చాలదు. అంగుళానికి ఎన్ని ముళ్ళు పడ్డాయో చూస్తారు. తెరకూ అంతే. ఆ ముళ్ళనే ఇక్కడ పిక్సెల్ అంటారు. 720 బై 1600 తెరలో పదకొండున్నర లక్షల చుక్కలుంటే, 1080 బై 2400 తెరలో దాదాపు 26 లక్షలుంటాయి. మన తెలుగు ఒత్తులకూ, ఉర్దూ నుక్తాలకూ ఈ చుక్కలు తగినన్ని లేకపోతే అక్షరాలు అలుక్కుపోయినట్లు కనిపిస్తాయి. కొల్లేరు గట్ల మీద చేపల చెరువుల దగ్గర పనిచేసేవారు వెలుతురు సంగతి కూడా చూసుకోవాలి. దుకాణంలో మిలమిలలాడే తెర, మిట్ట మధ్యాహ్నం గట్టు మీద అద్దంలా మన ముఖమే మనకు చూపిస్తుంది.

ఇక బుర్ర, అంటే ప్రాసెసరు. ఇక్కడ వినిపించే మంత్రం "ఎనిమిది కోర్లు". చెరువు పట్టుబడికి ఎనిమిది మందిని పిలిచారనుకోండి. ఎనిమిది మందీ పసివాళ్ళయితే వల ఒడ్డుకు వస్తుందా? ఇద్దరైనా కండగలవాళ్ళు ఉండాలి. ప్రాసెసరులోనూ కొన్ని కోర్లు బలమైనవి, కొన్ని తేలికపాటివి. కొన్ని చవక ఫోన్లలో ఎనిమిదీ తేలికపాటివే. కనుక అంకె కాదు, ప్రాసెసరు పేరు, అది ఏ సంవత్సరంలో విడుదలైందీ అడగండి. ఒకే కంపెనీ ప్రాసెసర్లలో కూడా తేలికవీ ఉంటాయి, గట్టివీ ఉంటాయి.

దాని పక్కనే ర్యామ్. "ఎనిమిది ప్లస్ ఎనిమిది, పదహారు జిబి" అని పెట్టె మీద వేస్తారు. ఆ రెండో ఎనిమిది అసలు ర్యామ్ కాదు. సామాను పెట్టుకొనే కొట్టుగదిలో కొంత చోటు అరువు తీసుకోవడం. ఆ చోటు అసలు ర్యామ్ కంటె చాలా నెమ్మది. ప్లస్‌కు ముందున్న అంకెనే నమ్మండి.

తెరకూ బుర్రకూ పొత్తు కూడా ఉన్నది. చుక్కలు ఎక్కువైతే వాటిని కదిలించే పని ప్రాసెసరు మీద పడుతుంది. పెద్ద తెర బ్యాటరీని ఎక్కువ తాగుతుంది. కాబట్టి చవకలో పెద్ద తెర, బలహీనమైన బుర్ర కలిస్తే చిన్న ఎద్దుకు పెద్ద బండి కట్టినట్లే.

ఇంతకంటె ముఖ్యమైనది ఫోను ఆయుస్సు. 2025 జనవరిలో మన రాష్ట్ర ప్రభుత్వం "మన మిత్ర" పేరిట ఎన్నో సేవలను వాట్సాప్‌లోకి తెచ్చింది. అదే నెలలో, 2013 నాటి కిట్‌క్యాట్ ఆండ్రాయిడ్‌తో నడిచే ఫోన్లలో వాట్సాప్ పనిచేయడం ఆగింది. తెర పగలలేదు, బ్యాటరీ చావలేదు. అయినా ఆ ఫోను ఆ పనికి చెల్లకుండా పోయింది. పెన్షనుదార్లు ముఖం చూపి జీవన ప్రమాణం ఇచ్చే పద్ధతి 2021లో వచ్చింది. హజ్ యాత్రికులకు "హజ్ సువిధ" యాప్ 2024లో వచ్చింది. ఇలాంటివి ఇంకా వస్తూనే ఉంటాయి. కాబట్టి అప్‌డేట్లు ఎన్ని సంవత్సరాలు ఇస్తారని తప్పక అడగండి. జవాబు తెలియదంటే ఆ ఫోనును పక్కన పెట్టండి.

మరి మనం ఎలా ఎంచుకోవాలి? పెద్దవాళ్ళకు, చూపు తగ్గినవాళ్ళకు తెరే ముఖ్యం. వెడల్పు, వెలుతురు చూడండి. చదువుకొనే పిల్లలకు, ఫోను మీదనే వ్యాపారం నడిపేవారికి బుర్ర, అసలు ర్యామ్ ముఖ్యం. అర అంగుళం తగ్గినా నష్టం లేదు. ఆటో నడిపే సోదరులకు దారి చూపే మ్యాపు, ఫోన్‌పే రెండూ ఒకేసారి నడవాలి, ఎండలో కనపడాలి. వారు రెండూ మధ్యరకంగా చూసుకోవాలి.

కొనేటప్పుడు దుకాణంలోనే అక్షరాల సైజు పెంచి, తెలుగు వార్త ఒకటి చదివించండి. ఎవరు వాడతారో వారి చేతనే చదివించండి, కొడుకు చేతో మనుమడి చేతో కాదు. నాలుగైదు యాప్‌లు వరుసగా తెరిచి, మొదటిదానికి తిరిగి రండి. ఒక్క చేత్తో పట్టుకొని బొటనవ్రేలు ఎంతవరకు అందుతుందో చూడండి. వాయిదాల మీద ఇస్తామంటే, వడ్డీ లేదన్న మాటతో సరిపెట్టుకోక, ఇతర రుసుములన్నీ కలిపి మొత్తం ఎంత కడతామో కాగితం మీద రాయించుకోండి.

అసలు కొత్తది కొనకముందే పాత ఫోను సెట్టింగులలో అక్షరాల సైజు పెంచి, అక్కరలేని వీడియోలు తీసివేసి వారం రోజులు వాడి చూడండి. ఆ గాజుల కొట్టు ఖాలాకు పెద్ద తెర ఫోను ఇప్పించడానికి వెళ్ళినప్పుడు, ముందు ఆ చిన్న ఫోనులోనే అక్షరాలు పెంచి చూపించాము. చాలావరకు కనపడ్డాయి. "ఈ మాట మొదటే చెప్పవచ్చు గదా బేటా!" అన్నారు. మాకు సిగ్గు వేసింది. ఫోను మార్చలేదు, ఆ డబ్బు ఆమె సరుకులో పెట్టుకొన్నారు.

కనుక మీరు ఫోను కొనబోయే ముందు పాతదానిని తీసుకొని ఒకసారి మన కార్యాలయానికి రండి. మన పిల్లల్లో తెలిసినవారు ఉన్నారు, కూర్చొని చూస్తారు. ఈసారి సలహా ఇచ్చే ముందు మీ కళ్ళ సంగతీ, మీ పని సంగతీ అడుగుతామని మాట ఇస్తున్నాము.