ఇంటర్నెట్టులో కాలినడక
(సొసైటీ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యవర్గం వారు ఈ ఏడు మమ్మల్ని "కంప్యూటరు గురించి నాలుగు ముక్కలు చెప్పండి" అని కోరారు. మేము ఇంజనీర్లం కాము. తెలిసినవాళ్ళని అడిగి, చదివి, మా చేతనైనంత వరకు అర్థం చేసుకున్న సంగతే మనవి చేస్తాం. ముందుగా మన పాలకొల్లులోనే జరిగిన ఒక చిన్న విషయంతో మొదలుపెడతాం. అది మేము సిగ్గుపడవలసిన విషయం కూడాను.

రెండేళ్ళ క్రితం కువైట్‌లో పనిచేసే మన కుర్రాడొకడు సెలవు మీద వచ్చాడు. వాళ్ళ నాన్నగారు పోయినప్పుడు అతనికి సెలవు దొరకలేదు. జనాజాను ఫోనులో చూసి ఏడ్చాడు. వచ్చిన మర్నాడే మా దగ్గరకొచ్చి, "చాచా, మా అబ్బా కబర్ చూపించండి, దువా చేసుకుంటాను" అన్నాడు. ఆ రోజు భుజం పట్టినవాళ్ళం మాలోనే నలుగురం ఉన్నాం. ధీమాగా తీసుకెళ్ళాం. తీరా వెళ్ళి చూస్తే రెండు వానాకాలాలకి మట్టి కుంగిపోయింది, మోకాలెత్తు గడ్డి పెరిగింది. ఒకరు వేపచెట్టు కింద అన్నారు. ఒకరు కాదు గోడవైపు అన్నారు. గొయ్యి తవ్విన ముసలాయన అంతకు ముందే అల్లాహ్‌కు ప్రియుడైపోయాడు. రిజిస్టరు తెప్పించి చూశాం. పేరుంది, తండ్రి పేరుంది, తారీఖుంది. చోటు మాత్రం లేదు! ఆ అబ్బాయి రెండు వరసల మధ్యన నిలబడి, ఇటో అటో తెలియకుండా చేతులెత్తి దువా చేసి వెళ్ళిపోయాడు. మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అందువల్లనే మాకు మరీ బాధ కలిగింది.

మిత్రులారా, ఈ సంగతికీ కంప్యూటరుకీ ఏమిటి సంబంధం అని మీరు అడగవచ్చు. ఉంది. మన రిజిస్టరు ఎలాంటిదో ఇంటర్నెట్టు కూడా ఇంచుమించు అలాంటిదే. అందులో అన్నీ ఉన్నాయి, చోటు ఒక్కటే లేదు.

టిమ్ బెర్నర్స్-లీ అనే ఆయన 1989లో జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధనాలయంలో వెబ్ అనే ఏర్పాటును ప్రతిపాదించారు. 1993లో దాన్ని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చునని సెర్న్ ప్రకటించింది. అది పేజీల ఏర్పాటు. ఒక పేజీలో ఒక మాట మీద నొక్కితే ఇంకో పేజీ వస్తుంది. గొప్ప సౌకర్యమే. కానీ ఆ రెండో పేజీ మొదటిదానికి కుడిపక్కన ఉందా, ఎడమపక్కన ఉందా, ఎంత దూరాన ఉంది అంటే జవాబు లేదు. మనిషి మాత్రం అలా బతకడు. తాళంచెవి ఎక్కడ పెట్టామో మరిచిపోతే, వచ్చిన దారినే వెనక్కి నడిచి చూస్తాం. ఫలానా కొట్టు ఎక్కడండీ అంటే, "వంతెన దిగి ఎడమచేతి వైపు, కొబ్బరికాయల దుకాణం దాటాక" అని చెబుతాం. ఊళ్ళో దారి తప్పితే క్షీరారామం గాలిగోపురం ఎటు కనిపిస్తోందో చూసుకుని దిక్కు తెలుసుకుంటాం. మన జ్ఞాపకానికి కాళ్ళున్నాయి. అది నడుస్తుంది.

ఈ సంగతి గ్రహించినవాళ్ళు మొదటినుంచీ ఉన్నారు. 1994లో అమెరికాలో మొదలైన జియోసిటీస్ అనే సంస్థ జనం రాసుకునే పేజీలను పేటలుగా విభజించింది. సినిమా కబుర్లు రాసేవారికి ఒక పేట, సంగీతం వారికి ఇంకో పేట, ఒక్కొక్కరికీ ఒక ఇంటి నంబరు. అయితే అవి పేరుకే పేటలు, నడిచి చూసేందుకు వీధులు లేవు. అదే ఏడు మే నెలలో జెనీవాలో మొదటి వెబ్ మహాసభ జరిగింది. వెబ్‌లోకి పొడవు, వెడల్పులతో పాటు లోతు కూడా తీసుకురావాలని కొందరు అక్కడ చర్చించారు. మార్క్ పెషీ, టోనీ పరిసీ వంటివారి కృషితో వీఆర్ఎంఎల్ అనే భాష పుట్టింది. 1997లో అది అంతర్జాతీయ ప్రమాణం కూడా అయింది. అందులో పేజీకి బదులు గది ఉంటుంది. నొక్కే మాటకు బదులు గుమ్మం ఉంటుంది. గుమ్మం దాటితే వేరే ఊళ్ళో, వేరే కంప్యూటరులో ఉన్న ఇంకో గదిలోకి వెళతాం.

ఇది ఎలా జరుగుతుందో కొద్దిగా చెప్పుకుందాం. తాపీమేస్త్రీ ముగ్గు పోసేటప్పుడు ఒక మూల నుంచి పొడవెంత, వెడల్పెంత, ఎత్తెంత అని కొలుస్తాడు కదా. కంప్యూటరు కూడా ప్రతి బిందువుకీ అలాగే మూడు అంకెలు రాసుకుంటుంది. మూడు బిందువులు కలిపితే ఒక ముక్కోణం. వేలకొద్దీ ముక్కోణాలు అతికితే గోడ, మెట్లు, చెట్టు. వాటిమీద ఫోటోను బట్టలా తొడుగుతారు. మనం ఒక అడుగు ముందుకు వేశామనుకోండి, అక్కడ నిలబడిన మనిషి కంటికి ఏ ముక్కోణం ఎంత కనపడాలి, ఏది దేని వెనక దాగాలి అని లెక్క మళ్ళీ మొదటినుంచీ కడుతుంది. సెకనుకు అరవైసార్లు కట్టగలిగితే మన కంటికి నడుస్తున్నట్టే ఉంటుంది. కళ్ళజోడులాంటి పెట్టె తగిలించుకుంటే రెండు కళ్ళకూ కాస్త తేడాగా రెండు బొమ్మలు చూపిస్తుంది. దాంతో లోతు తెలుస్తుంది. కొందరికి తల తిరుగుతుంది కూడా. కన్ను నడుస్తున్నానంటుంది, చెవిలోపలి తూకం మాత్రం కూర్చునే ఉన్నానంటుంది. ఈ రెండింటికీ పొత్తు కుదరకనే ఆ తిప్పట.

మరి అంత గొప్పది అప్పుడే ఎందుకు నిలవలేదు? ఒక కారణం తీగ. మన దేశంలో ప్రజలకు ఇంటర్నెట్టు ఇచ్చిందే 1995 ఆగస్టు 15న. ఆ రోజుల్లో సెకనుకు 28.8 కిలోబిట్ల టెలిఫోను తీగ మీద ఒక్క మెగాబైటు బొమ్మ దిగాలంటే నాలుగున్నర నిమిషాలకు పైగా పట్టేది. గుమ్మం తెరిచి అంతసేపు నిలబడేదెవరు? అయితే మాకు తోచిన రెండో కారణం ఇంకా ముఖ్యం. బియ్యం ధర తెలుసుకోవాలనుకున్నవాడు బజారంతా నడవాలని కోరుకోడు. అంకె చెబితే చాలు. రైలు ఎన్నింటికో తెలియడానికి స్టేషను బొమ్మలో తిరగనక్కరలేదు. అలాంటివాటికి పట్టికే మేలు. 2003లో వచ్చిన సెకండ్ లైఫ్‌లో జనం స్థలాలు కొన్నారు, ఇళ్ళు కట్టారు. 2021లో ఫేస్‌బుక్ కంపెనీ మెటావర్స్ అంటూ పేరు కూడా మెటా అని మార్చుకుంది. అయినా లోకం పనులన్నీ అక్కడికి తరలిపోలేదు. ఏ విషయానికి చోటే ప్రాణమో, ఆ విషయానికే నడక అవసరం. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకుంటే చాలునని మా అభిప్రాయం.

ఉదాహరణకి హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియం తీసుకోండి. అందులో మెఫిస్టోఫిలిస్, మార్గరెటా అనే కొయ్యబొమ్మ ఉంది. ముందునుంచి చూస్తే టెక్కుగా నిలబడ్డ సైతాను, అదే కొయ్యకి వెనకవైపు తల వంచుకున్న అమ్మాయి. వెనక అద్దం పెట్టారు గనక రెండూ కనిపిస్తాయి. ఎదురుగా నిలబడి, అద్దం లేకుండా ఒక్క ఫోటో తీసి చూపిస్తే సగం బొమ్మే చూపినట్టు. చుట్టూ తిరిగితేనే అది పూర్తి బొమ్మ. ఇలాంటివాటికి ఈ కొత్త విద్య ఎంతో తగినది.

ఊళ్ళ సంగతి కూడా అంతే. గూగుల్ కంపెనీ 2007లో అమెరికాలో స్ట్రీట్ వ్యూ మొదలుపెట్టింది. కారు మీద కెమెరా పెట్టి వీధివీధీ తీసి, ఇంట్లో కూర్చుని నడిచేలా చేసింది. మన దేశంలో 2011లో బెంగుళూరులో మొదలుపెడితే పోలీసువారి అభ్యంతరం మీద ఆగింది. చివరికి 2022 జూలై 27న, జెనెసిస్, టెక్ మహీంద్రా అనే మన కంపెనీల ద్వారా పది నగరాలతో మళ్ళీ వచ్చింది. ఆ పదిలో మన తెలుగువారి హైదరాబాదు ఉంది. మనుషుల ముఖాలూ, బండ్ల నంబర్లూ అలికినట్టు చేసి చూపిస్తారు. గల్ఫులో ఉన్న పిల్లలు రాత్రి డ్యూటీ దిగాక ఫోనులో తమ వీధి వెతుక్కుంటున్నారంటే మాకు ఆశ్చర్యం కలగలేదు. గుండె ఎక్కడుంటుందో కాళ్ళూ అక్కడికే పోతాయి.

ఇక్కడ మనవాళ్ళకు ఒక సందేహం రావడం సహజం. ఇలా ఇంట్లో కూర్చుని మక్కా కూడా తిరిగొస్తే సరిపోతుందా? 2007లోనే ఇస్లామ్ ఆన్‌లైన్ వారు సెకండ్ లైఫ్‌లో హజ్ నేర్పే చోటు ఒకటి కట్టారు. 2021 డిసెంబరులో సౌదీ వారు హజ్రె అస్వద్‌ను ఈ పద్ధతిలో చూపే ఏర్పాటు ఆరంభించారు. దాని మీద చర్చ రేగింది. టర్కీ దేశపు మత వ్యవహారాల శాఖ 2022 ఫిబ్రవరిలో స్పష్టం చేసింది. చూడవచ్చును గానీ అది హజ్ కాదు, హజ్‌కు కాలు ఆ నేలమీద పడాల్సిందే అన్నారు. మాకు ఇందులో చిక్కేమీ కనిపించలేదు. హజ్ శిక్షణ శిబిరంలో కాబా నమూనా పెట్టి చుట్టూ తిరగడం నేర్పిస్తారు కదా. అది అభ్యాసమేనని అందరికీ తెలుసు. దీన్నీ అలాగే చూడాలి. దారి తెలియని ముసలివాళ్ళకి ముందుగా దారి చూపిస్తే తప్పులేదు. దారి చూపించడం వేరు, వెళ్ళిరావడం వేరు.

ఇక మన పని సంగతి. మేము సొసైటీ ముందు పెట్టే ప్రతిపాదన పెద్దదేమీ కాదు. మన కబరస్తాన్‌ను నడిచి చూసేలా చేద్దాం. ముందు కాగితం మీద, ఆ తర్వాతే కంప్యూటరులో. మొదట గడ్డి కోయించి, వరసలు గుర్తించి, ప్రతి వరసకీ మొదట్లో ఒక నంబరు రాయి పాతాలి. గేటు నుంచి ఎన్నో వరస, వరసలో ఎన్నోది అని రిజిస్టరులో రెండు కొత్త గళ్ళు గీయాలి. ఆ తర్వాత మన కాలేజీ పిల్లలు ఫోనుతో, ప్రతి ఫోటో ముందుదాన్ని సగానికి పైగా కప్పేలా, అడుగడుగుకీ తీస్తారు. ఆ ఫోటోలన్నీ కలిపి లోతున్న బొమ్మగా చేసే మెష్‌రూమ్ అనే సాఫ్టువేరు ఉచితం. దాన్ని మామూలు ఫోనులోనే తెరిచి నడిచేటట్టు చేసే ఎ-ఫ్రేమ్ అనేదీ ఉచితమే, అది 2015లో మొజిల్లా వారి వద్ద మొదలైంది. మనకి కావలసింది డబ్బు కన్నా ఓపిక.

పెద్దలు కొందరు మాతో అన్న అభ్యంతరాలు కూడా దాచకుండా చెబుతాం. "పక్కన ఇళ్ళున్నాయి, ఆడవాళ్ళు పెరట్లో తిరుగుతుంటారు, ఆ ఫోటోలు లోకమంతా చూడాలా?" అని అడిగారు. చాలా న్యాయమైన మాట. అందుకని ఫజర్ నమాజు అయిన వెంటనే, ఎవరూ తిరగని వేళ తీయాలి. ఎవరి ముఖమూ పడకూడదు. గోడ అవతలి ఇల్లేదైనా పడితే తుడిచేయాలి. ఏ కుటుంబమైనా మా వాళ్ళ పేరు వద్దంటే పేరు పెట్టకూడదు. చూసే తాళం సొసైటీ కుటుంబాలకే ఇవ్వాలి. రెండో అభ్యంతరం, "రేపు ఆ కంపెనీ మూసేస్తే?" అని. ఇదీ నిజమే. ఇందాక చెప్పిన జియోసిటీస్‌ని 1999లో యాహూ కొన్నది, 2009లో మూసేసింది. ఎంతోమంది రాసుకున్నదంతా ఇళ్ళతో సహా పోయింది. వీఆర్ఎంఎల్ గదులు కూడా ఇవాళ మామూలుగా తెరుచుకోవు. కాబట్టి కాగితం రిజిస్టరే అసలు, కంప్యూటరు నకలు. రాయి, కాగితం, బొమ్మ మూడూ ఉంటే ఒకటి పోయినా రెండు మిగులుతాయి.

మూడో అభ్యంతరం మా ఇంట్లోనే వచ్చింది. మా నానీ చదువుకోలేదు. "చచ్చినవాళ్ళకి నంబర్లెందుకురా" అని కోప్పడింది. ఆ రోజు మేము జవాబు చెప్పలేకపోయాం. మర్నాడు ఆమెను కబరస్తాన్ గోడ దాకా తీసుకెళ్ళాం. ఆమె బయటే నిలబడి, చేత్తో చూపిస్తూ, "అక్కడ మా అమ్మ, పక్కన మా తమ్ముడు పసివాడు, ఆ మూల తుఫాను ఏట పోయినవాళ్ళు" అని పదహారు మంది పేర్లు చెప్పింది. రిజిస్టరులో అందులో తొమ్మిదే ఉన్నాయి. మిగతా ఏడుగురూ ఈ భూమ్మీద ఆమె ఒక్కదాని జ్ఞాపకంలోనే ఉన్నారు. మేము అవి రాసుకుంటూంటే ఆమే మధ్యలో ఆపి, "ఏదీ, ఆ నంబరు సరిగ్గా వేశావా?" అని అడిగింది.

సోదరులారా, మన దగ్గర ఇంకా అలాంటి పెద్దలు ఉన్నారు. ఎన్నాళ్ళుంటారో అల్లాహ్‌కే తెలుసు. యంత్రాలు ఎప్పుడైనా కొనుక్కోవచ్చు, ఆ జ్ఞాపకాన్ని మాత్రం తర్వాత కొనలేం. అందుకని మా మనవి ఒక్కటే. వచ్చే జుమా నాడు అసర్ నమాజు తర్వాత, గుర్తున్నవాళ్ళు ఒక్కొక్కరూ వచ్చి మీకు తెలిసిన కబర్ దగ్గర నిలబడండి. ఆడవాళ్ళు ఇంటి దగ్గరే చెబితే మేము వచ్చి రాసుకుంటాం. పిల్లలు చాకుపీసు, టేపు పట్టుకుని సిద్ధంగా ఉన్నారు.

కువైట్ అబ్బాయి వచ్చే రంజాన్‌కి మళ్ళీ వస్తానని కబురు పంపాడు. ఈసారి అతను దువా చేసేటప్పుడు ఎటు తిరిగి నిలబడాలో మనం చెప్పగలగాలి. ఇన్షా అల్లాహ్, చెబుతాం.