ఆఫీసులో మీ సాక్ష్యము ఎలా ఉంది?
(రేడియో ప్రసంగ పాఠము)

 

ఈ దినము మిమ్మును ఒక ప్రశ్న అడగాలని ఆశపడుచున్నాను. మీ సంఘములో మీకు మంచి సాక్ష్యము ఉన్నది, సంతోషము. కాపరిగారిని అడిగితే మీ గురించి మంచిగానే చెప్తారు. అయితే మీ ఆఫీసులో మీ పక్క సీటులో కూర్చునేవారిని అడిగితే ఏమి చెప్తారు? మీ షాపు యజమానిని, మీ వార్డులోని ఆయమ్మను, మీ స్టాఫ్ రూములోని తోటి టీచరును అడిగితే ఏమి చెప్తారు? ఆదివారం మనలను చూచేవారు రెండు గంటలు చూస్తారు. సోమవారం నుండి శనివారం వరకు చూచేవారు రోజుకు ఎనిమిది గంటలు చూస్తారు. మన గురించి ఎవరికి ఎక్కువ తెలుసో మీరే ఆలోచించండి.

దానియేలు గ్రంథము ఆరవ అధ్యాయములో ఒక ఆఫీసు కథ ఉన్నది. అవును, అది సింహాల బోను కథ కంటే ముందు ఆఫీసు కథ. దర్యావేషు రాజు 120 మంది అధిపతులను నియమించి, వారి మీద ముగ్గురు ప్రధానులను పెట్టాడు. ఆ ముగ్గురిలో దానియేలు ఒకడు. అప్పటికి ఆయన వృద్ధుడు, పరదేశి. రాజు ఆయనకు ఇంకా పెద్ద పదవి ఇవ్వాలని తలంచగానే తోటి అధికారులకు అసూయ పుట్టింది. వారు ఏమి చేశారు? ఆయన పనిని తనిఖీ చేశారు. లెక్కలు చూశారు, ఫైళ్లు తిరగేశారు అనుకోండి. ఎక్కడైనా లంచము, ఎక్కడైనా నిర్లక్ష్యము దొరుకుతుందేమోనని వెదికారు. ఏమీ దొరకలేదు. చివరకు వారు ఒక నిర్ణయానికి వచ్చారు: ఇతని ఉద్యోగములో తప్పు పట్టలేము, పట్టాలంటే ఇతని ప్రార్థనలోనే పట్టాలి!

ప్రియులారా, ఇది శత్రువులు ఇచ్చిన కాండక్ట్ సర్టిఫికెట్. మన విషయములో అనేకసార్లు ఇది తలక్రిందులుగా ఉన్నది. మన ప్రార్థనలో తప్పు పట్టేవారు లేరు. మన పనిలో పట్టడానికి కావలసినన్ని ఉన్నాయి.

ఇతరుల సంగతి చెప్పకముందు నా సంగతి చెప్పుకోవాలి. సేవకు రాకముందు నేను హన్మకొండలో ఒక ఆఫీసులో గుమాస్తాగా పనిచేశాను. పెళ్లి కాని రోజులు, మంచి ఆసక్తి గల రోజులు. ఒకసారి మూడు దినాల ఉజ్జీవ కూడికలు వచ్చాయి. పాటల బృందములో నేను ఉన్నాను. క్యాజువల్ లీవులు అయిపోయాయి. ఏమి చేశాను? జ్వరము అని లీవు లెటరు పంపాను, తెలిసిన డాక్టరు దగ్గర మెడికల్ సర్టిఫికెట్ కూడా తీసుకున్నాను. దేవుని పని కోసమే గదా అని మనస్సాక్షికి నచ్చజెప్పుకున్నాను.

నాలుగవ రోజు ఆఫీసుకు వెళ్తే హెడ్ క్లర్కు గారు, ఆయన క్రైస్తవుడు కాదు, నా దగ్గరకు వచ్చి మెల్లగా అడిగారు: "ఏం తమ్మీ, జ్వరం తగ్గిందా?"

"తగ్గింది సార్" అన్నాను.

"మా పిల్లగాడు మొన్న రాత్రి మీటింగు దిక్కు పోయిండు. నువ్వు స్టేజీ మీద మంచిగ పాడుతున్నవని చెప్పిండు" అన్నారు. కాసేపు ఆగి ఒక్క మాట అడిగారు: "మీ దేవుని కాడికి పోనీకి గూడ దొంగ సర్టిఫికెట్ గావాల్నా తమ్మీ?"

ఆయన కోపముగా అనలేదు, నవ్వుతూ అనలేదు. నిజముగానే అడిగారు. నాకు జవాబు లేదు. ఆ మూడు దినాలు నేను స్టేజీ మీద పాడిన పాటలన్నిటికంటే నా లీవు లెటరే ఆ ఇంటికి గట్టిగా వినబడింది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఉదయమే ఆఫీసరు గారి దగ్గరకు వెళ్లి, సార్, నాకు జ్వరము లేదు, అబద్ధము చెప్పాను, ఆ మూడు రోజుల జీతము కోయండి అని వ్రాసి ఇచ్చాను. జీతము కోశారు, మెమో కూడా ఇచ్చారు. సంఘములో కొందరు పెద్దలే నన్ను మందలించారు. "ఎవరూ కంప్లైంటు ఇవ్వలేదు గదా బాబూ, నీ అంతట నీవు ఎందుకు చెప్పుకున్నావు?" అన్నారు. హెడ్ క్లర్కు గారు చాలా రోజులు నాతో పని మాట తప్ప వేరే మాట మాట్లాడలేదు. తరువాతి సంవత్సరం ఆడిట్ వచ్చింది. ఒక రిజిస్టరు విషయములో తేడా వస్తే, నేను చెప్పినది నమ్మాలా వద్దా అని ఆఫీసరు సందేహించారు. అప్పుడు ఆ హెడ్ క్లర్కు గారే, "ఈ పిల్లగాడు చెప్పిండంటే నిజమే ఉంటది సార్" అన్నారు. ఆయన మన సంఘానికి ఎన్నడూ రాలేదు. ఆ లెక్క దేవునిది. నా లెక్క మాత్రము ఆ దినము సరిచేయబడింది.

ఈ రోజులలో ఉద్యోగములో మంచి పేరు ఎలా సంపాదించాలో నేర్పించే తరగతులు ఉన్నాయి. ఎలా నిలబడాలి, ఎలా కరచాలనము చేయాలి, ఎలాంటి బట్టలు ధరించాలి అని చెప్తారు. మంచిదే, నేర్చుకోండి. ఉతికిన బట్టలు, వేళకు రావడము, మర్యాదగా మాట్లాడటము క్రైస్తవునికి తగినవే. అయితే పేరు వేరు, గుణము వేరు. పేరును పైన పూయవచ్చు. గుణము లోపల నుండి రావాలి.

మన తెలుగువారు మరచిపోలేని సంగతి ఒకటి జ్ఞాపకము చేస్తాను. హైదరాబాదులో 1987లో సత్యం కంప్యూటర్స్ అనే సంస్థ మొదలైంది. అందులో ఉద్యోగము అంటే ఇంటికి గౌరవము. 50,000 మందికి పైగా పనిచేసేవారు. దాని అధిపతి రామలింగరాజు గారు 108 అంబులెన్సు సేవను 2005లో ఆరంభించినవారు, దాని వలన ఎందరో బ్రతికారు. 2008 సెప్టెంబరులో ఆ సంస్థకు మంచి పరిపాలన కొరకు గోల్డెన్ పీకాక్ అవార్డు కూడా వచ్చింది. నాలుగు నెలలు తిరగక ముందే, 2009 జనవరి 7న, ఆయనే ఒక ఉత్తరము వ్రాశారు. లెక్కలలో చూపిన నగదులో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనేలేవని ఒప్పుకున్నారు. మొదట చిన్న తేడా, దానిని కప్పడానికి మరికొంత, చివరకు పులి మీద స్వారీ, దిగితే తినేస్తుంది. 2015 ఏప్రిల్‌లో హైదరాబాదులోని ప్రత్యేక న్యాయస్థానము ఆయనతో కూడ పదిమందికి ఏడేండ్ల శిక్ష విధించింది. అప్పీలు మీద ఆ తరువాతి నెలలో శిక్ష నిలుపుదల చేయబడి బెయిలు వచ్చింది.

ఒక మనిషిని రాళ్లతో కొట్టుటకు నేను ఇది చెప్పడము లేదు. సంస్థ పేరు సత్యము, గోడ మీద అవార్డు, చేతిలో పుణ్యకార్యము. ఇవన్నీ ఉండి కూడా లోపలి లెక్క తప్పు కావచ్చు అని చెప్తున్నాను. తరువాత ఆ సంస్థను టెక్ మహీంద్రా తీసుకున్నది. 2020లో మన మడికొండలో తెరిచిన ఐటీ ఆఫీసులలో ఆ టెక్ మహీంద్రాదీ ఒకటి. మన బిడ్డలు అలాంటి చోట్లకు ఉద్యోగానికి వెళ్తున్నప్పుడు తల్లిదండ్రులు టై కట్టుకోవడము ఒక్కటే నేర్పి పంపకూడదు.

ఇప్పుడు చేతుల సంగతి. అవినీతి నిరోధక శాఖవారు లంచగొండిని ఎలా పట్టుకుంటారో పేపరులో చదివే ఉంటారు. నోట్లకు ఫినాఫ్తలీన్ అనే తెల్లని పొడి పూస్తారు. నోట్లు ముట్టినవాని వ్రేళ్లకు అది అంటుతుంది, కంటికి కనబడదు. తరువాత సోడియం కార్బొనేట్, అంటే చాకలి సోడా, కలిపిన నీళ్లలో ఆ చేతులు ముంచుతారు. నీళ్లు గులాబి రంగుకు మారిపోతాయి. నేను ముట్టలేదు అని నోరు చెప్తూనే ఉంటుంది, నీళ్లు వేరే సంగతి చెప్తాయి.

రాజుల రెండవ గ్రంథము 5వ అధ్యాయములో గేహజీ చేతులు ఇలాంటివే. తన యజమానుడైన ఎలీషా కాదన్న వెండిని, బట్టలను, అతడు నయమాను వెంట పరుగెత్తి అబద్ధము చెప్పి తెచ్చుకొని ఇంట దాచాడు. తరువాత ఏమీ జరుగనట్లు వచ్చి యజమానుని ఎదుట నిలిచాడు. ఎక్కడికి వెళ్లావు అంటే ఎక్కడికీ వెళ్లలేదన్నాడు. ఆ నిలబడిన తీరు ఎంత మర్యాదగా ఉన్నదో! కాని దేవుని ఎదుట అతని చర్మమే రంగు మారింది.

లంచము తీసుకొనేవానికే గాక ఇచ్చేవానికి కూడా శిక్ష ఉన్నదని 2018లో చట్టము సవరించబడింది. బలవంతము మీద ఇచ్చినవారు ఏడు దినాలలో ఫిర్యాదు చేస్తే వారికి రక్షణ ఉన్నది. 1064 అనే నంబరుకు ఫోన్ చేయవచ్చు. "పని కావాలంటే తప్పదు గదా" అనే విశ్వాసులు ఈ మాట గమనించండి.

మన ఊరిలో ఏనుమాముల మార్కెట్టు ఉన్నది. రైతు రాత్రంతా మిర్చి బస్తాల మీద పడుకొని తెల్లవారి కాంటా కోసము చూస్తాడు. తూకము వేసే దడ్వాయి చేతిలో ఒక కుటుంబము యొక్క సంవత్సరపు కష్టము ఉన్నది. దొంగ త్రాసు దేవునికి అసహ్యమని సామెతల గ్రంథము బోధిస్తుంది. నీవు తూకము వేసేవాడివైతే నీ ప్రసంగ వేదిక ఆ కాంటాయే. నీవు నర్సువైతే తెల్లవారుజామున మూడు గంటలకు పిలిచిన రోగి మంచము నీ వేదిక. నీవు టీచరువైతే దిద్దకుండా సంతకము పెట్టిన నోటుపుస్తకము నీ మీద సాక్ష్యము పలుకుతుంది.

అయితే అనుదినము మనము ఏమి చేయాలి? నాలుగు సంగతులు చెప్తాను.

మొదటిది, సమయము. జీతము ఇచ్చే గంటలు యజమానునివి. ఆ గంటలలో సెల్ ఫోనులో వాక్యము పంచుకోవడము కూడా దొంగతనమే. కౌంటరు ముందు వృద్ధులు పింఛను కాగితాలతో నిలబడి ఉండగా ప్రార్థనలో ఉన్నాను అనవద్దు. భోజన విరామములో ప్రార్థించండి, ఎవరూ కాదనరు.

రెండవది, నాలుక. క్యాంటీనులో టీ చల్లారక ముందే ఒకరి పరువు తీసేస్తాము. లేనివారి గురించి, వారు ఉంటే ఎలా మాట్లాడతామో అలాగే మాట్లాడాలి. తప్పు జరిగితే నాదే అని చెప్పండి. మేలు జరిగితే కష్టపడినవారి పేరు ముందు చెప్పండి. అటెండరును కూడా అన్నా అని పిలవండి.

మూడవది, చూపు. సహోదరులారా, ఇది ముఖ్యముగా మనకు. తోటి స్త్రీలు భయము లేకుండా మన పక్కన పనిచేయగలగాలి. 2013లో వచ్చిన చట్టము ప్రకారము పదిమంది లేక అంతకన్నా ఎక్కువ మంది పనిచేసే ప్రతి చోట ఫిర్యాదులు వినుటకు ఒక కమిటీ ఉండాలి. చట్టానికి భయపడి కాదు, యోసేపువలె దేవునికి భయపడి శుద్ధముగా ఉందాము. సహోదరీ, నీకు అన్యాయము జరిగితే మౌనముగా సహించడమే భక్తి అని ఎవరైనా చెప్పితే నమ్మకు. ఆ కమిటీకి చెప్పు.

నాలుగవది, ఎవరూ చూడనప్పుడు చేసే పని. అపొస్తలుడైన పౌలు కొలొస్సయులకు వ్రాసిన పత్రిక మూడవ అధ్యాయములో పనివారికి చెప్పిన సారాంశము ఇదే: మనుష్యుల కంట పడుటకు కాదు, ప్రభువు కొరకే చేయుచున్నట్లు చేయండి. ఆఫీసరు రౌండుకు వచ్చినప్పుడే వంగే నడుము దేవునికి తెలుసు.

ఇక్కడ ఒకరు నన్ను అడుగవచ్చు: "అయ్యగారూ, నేను నమ్మకముగానే ఉన్నాను. అయినా నా మీద నింద వేశారు. నిజాయితీపరుడినని దూరము బదిలీ చేశారు. నా పేరు పోయింది." అవును. యోసేపుకు కూడా అలాగే జరిగింది. పోతీఫరు ఇంట మచ్చలేనివాడే చెరసాలకు వెళ్లాడు. అతని వస్త్రము పరుల చేతిలో ఉండిపోయింది, ఆ వస్త్రమే అతని మీద అబద్ధసాక్ష్యము పలికింది. కాని అతని గుణము అతనితోనే చెరసాలలోనికి వెళ్లింది. అక్కడ కూడా అధిపతి తాళపుచెవుల వంటి బాధ్యతలు అతనికే అప్పగించాడు. పేరును మనుష్యులు తీసివేయగలరు. గుణమును మనము అమ్ముకుంటేనే పోతుంది. బదిలీ అయిన ఆ ఊరిలో కూడా దేవుడు ఉన్నాడు సహోదరుడా.

ప్రియ శ్రోతలారా, ఈ మాటలు విన్న తరువాత మీ మనసులో ఒక కాగితము మెదులుతూ ఉండవచ్చు. ఒక దొంగ బిల్లు, ఒక తప్పుడు సంతకము, ఒక అబద్ధపు లీవు లెటరు. రేపు ఉదయము ఆ కాగితము దగ్గరకు వెళ్లండి. జీతము కోతపడవచ్చు, మెమో రావచ్చు. నాకు వచ్చింది. కాని ఆ తరువాత పాడిన పాట వేరుగా ఉంటుంది. జక్కయ్య ఇంటికి యేసుప్రభువు వచ్చిన దినమున అతడు మొదట తెరిచినది తన లెక్కల పుస్తకమే గదా!

ప్రార్థన చేసుకుందాము. పరలోకమందున్న మా తండ్రీ, ఆదివారపు ముఖము ఒకటి, సోమవారపు ముఖము ఒకటి కలిగి జీవించిన మమ్మును క్షమించుము. మా చేతులను, మా నాలుకను, మా లెక్కలను కడుగుము. నమ్మకముగా ఉండి నష్టపోయిన నీ బిడ్డలను ఆదరించుము. ఉద్యోగము వెదుకుచున్న యౌవనస్థులకు పని దయచేయుము, ఆ పనిలో వారిని కాపాడుము. మా పనిచోట మమ్మును చూచువారు నిన్ను చూచునట్లు చేయుమని యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ. ఆమేన్.